అంచు చెదిరిన గురుడు

ఒక గుడ్డ గురించి నేను చాలా ఏళ్ళుగా ఒక కథ చెబుతూ వచ్చాను. అందులో రెండు చోట్ల నిజం లేదు. ఒక చోట నేను చేసిన పనిని దాచాను. ఇంకో చోట నేను చేయని పనిని నాదని చెప్పుకున్నాను. రెండింటివల్లా నష్టపోయింది ఒకే మనిషి, మా అక్క.

నేను సైన్సు మాస్టరుని. ఏ బడికి బదిలీ అయినా, సౌరకుటుంబం పాఠం వచ్చిన రోజు ఆ గుడ్డను బీరువాలోంచి తీసి, తరగతిలో నల్లబల్ల మీద వేలాడదీస్తాను. కలంకారీ గుడ్డ. ఒక పక్కన పసుపు రంగు సూర్యుడు. అతనికి దగ్గరగా, ఇరుకుగా నాలుగు చిన్న గ్రహాలు, నల్లటి గట్టి గీతలతో. దూరదూరంగా నాలుగు పెద్ద గ్రహాలు, ఎర్రగా, చుట్టూ గీతే లేకుండా, అంచులు పొగలాగా చెదిరిపోయి.

"చూడండి, లోపలివి రాతి గోళాలు. కాలు పెడితే నేల తగులుతుంది. బయటివి వాయువులతో నిండినవి. గ్రహం ఇక్కడ ముగిసింది అని వేలుపెట్టి చూపడానికి అక్కడ నేల ఉండదు. అందుకే వాటికి గీత లేదు. మీ వయసులో నాకు తట్టిన ఆలోచన ఇది" అని చెప్పేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

మొన్న ఏర్పేడు దగ్గర ఒక బడిలో సైన్సు పండగకు పిలిస్తే వెళ్ళి, ఈ కథే చెప్పాను. చప్పట్లు అయ్యాక ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, గుడ్డ మింద మీరే గీసినారా?"

"మా ఇంట్లో గీసినారమ్మా."

"ఇంట్లో ఎవురు సార్?"

"మా అక్క."

"ఆయమ్మ ఇంకా గీస్తా ఉండాదా సార్?"

లేదన్నాను. ఎందుకని అడిగింది. ఆ పిల్ల మామూలుగానే అడిగింది. నేను గడియారం చూసుకుని, బస్సుకు వేళయిందని చెప్పి దిగిపోయాను. బస్సులో ఎవరో నాటువైద్యం సంచితో నా పక్కన కూర్చున్నారు. సంచిలోంచి కరక్కాయ వాసన వచ్చింది. ఊరు వచ్చేదాకా ఆ వాసన నన్ను వదలలేదు.

శ్రీకాళహస్తిలో మా ఇల్లు ఎక్కడని అడిగితే వీధిలోవాళ్ళు "ముక్కు తీసుకుపోయిన దిక్కుకు పోండి" అనేవాళ్ళు. కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నానిన గుడ్డలు దండేల మీద ఆరుతుండేవి. ఎండ ముదిరేకొద్దీ ఆ పాల వాసన పులుపు తిరిగి, మా బట్టలకూ జుట్టుకూ పట్టేది. బడిలో నా పక్కన కూర్చునేవాడు ముక్కు మూసుకుని "మీ ఇంట్లో బర్రె కూడా మీతోనే పండుకుంటుందా?" అనేవాడు.

పెరట్లో వరసగా కుండలు. వాటిలో ఇనుపముక్కలు, తాటిబెల్లం, నీళ్ళు వేసి, మూతికి గుడ్డ కట్టి ఊరబెట్టేవాళ్ళు. అదే కసిమి, మా నల్లరంగు. ఆ తాటిబెల్లానికి నేను ఎప్పుడూ కన్నం వేసేవాణ్ణి. అవ్వకు కళ్ళు సరిగా కనబడకపోయినా నా నోటి చప్పుడు మాత్రం ఎక్కడున్నా వినబడేది.

"ఒరే అబ్బోడా, బెల్లమంతా నువ్వే మింగితే కుండ ఏం తింటుంది? రంగు రాకపోతే నిన్నే కుండలో కూరేసి మూత కడతా, సూడు!"

మా ఇంట్లో పాలు, నీళ్ళు, పొయ్యి ఆడవాళ్ళ పని. కలం మగవాళ్ళది. వెదురుపుల్ల కొన చెక్కి, మధ్యలో ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అది కలం. ఉన్నిని రంగులో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోతే రంగు కొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే చుక్క పడుతుంది, తక్కువైతే గీత తెగుతుంది. పిల్లవాడి చెయ్యి నిలిచిందని నమ్మకం కలిగిన రోజున నాయన తానే ఉన్ని చుట్టి కలం చేతికిచ్చేవాడు. మా చిన్నాయనకు అట్లా తాత ఇచ్చాడు. ఇంట్లో తరువాత ఎదిగిన మగపిల్లవాణ్ణి నేను. నాకు కలం మీద ఆశ లేదు. అక్కకు ఉండేది.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఏడో తరగతితో బడి మాన్పించారు. పొద్దున పాలలో గుడ్డలు పిండేది, పగలు ఏట్లో ఉతికేది, సందు దొరికితే చింతపుల్ల బొగ్గుతో ఉతికే బండ మీద బొమ్మ గీసేది. నెమలి, ఏనుగు, అవ్వ ముఖం. నాయన వచ్చే అలికిడి వినగానే ఒక చెంబు నీళ్ళు పోసేది. బండ మళ్ళీ బండ అయిపోయేది.

వానలు వెనకబట్టి సువర్ణముఖిలో నీళ్ళు తేటపడిన కాలం. చిత్తూరులో సైన్సు ప్రదర్శన అని మా సారు ఒక్కొక్కరికి ఒక్కో అంశం ఇచ్చాడు. నాకు లోపలి గ్రహాలకూ బయటి గ్రహాలకూ ఉన్న తేడా చూపమన్నాడు. అట్ట మీద గీస్తానని ఇంట్లో చెబితే నాయనకు నచ్చలేదు.

"మనింట్లో గుడ్డ పెట్టుకోని అట్టెందుకురా? నవ్విపోతారు. కానీ నాకు తీరిక లేదప్పా. గుడి తెర పని నెత్తిన ఉండాది."

పాలబాన దగ్గర్నుంచి అక్క తల ఎత్తకుండానే అంది, "నేను గీస్తా నాయనా."

నాయన నవ్వలేదు, తిట్టలేదు. చాలాసేపు గడ్డం గోక్కుని, "గీయి" అన్నాడు. "అది బాగా వస్తే సూద్దాం."

మధ్యాహ్నం సంగటి తిని, నంజుకున్న చెనిక్కాయ ఊరిబిండి వేళ్ళకు అంటుకుని ఉండగానే అక్క నన్ను పుస్తకం తెమ్మనేది. నేను చదివేవాణ్ణి, తను వినేది. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు: చిన్నవి, రాతివి, సూర్యుడికి దగ్గరగా ఉండేవి. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్: పెద్దవి, దూరమైనవి, చలివి.

"దగ్గిరగా ఉండేవాటికి చందమామలు ఎన్ని?" అని అడిగింది.

"బుధుడికీ శుక్రుడికీ లేవక్కా. మనకొకటి, కుజుడికి రెండు. గురుడికీ శనికీ మాత్రం శానా ఉండాయి."

"పెద్దింటోళ్ళు గదా. యాడికి పోయినా ఎంట మందిని ఏసుకోని పోతారు" అని నవ్వింది.

అవ్వ మధ్యలో దూరింది. "ఎనిమిదేనా? రాహుకేతువులు యాడరా?"

"పుస్తకంలో లేరవ్వా."

"కాళాస్తిలో పుట్టి రాహుకేతువుల్ని ఇడిచిపెట్టి గ్రహాలు గీస్తావా? ఊర్లోకి రానిస్తారా నిన్ను?"

"శని సూర్యుణ్ణి ఒకసారి సుట్టి వచ్చేదానికి ముప్పై ఏండ్లు పడుతుందంట అవ్వా" అని మాట మార్చాను.

"మనింట్లో మాత్రం రోజూ తిరగతా ఉండాడు, నీ రూపంలో" అంది అవ్వ.

అక్క ఈ మాటలు వినడం లేదు. ఒక్క దగ్గరే ఆగిపోయింది.

"గురుడి మింద నిలబడితే?"

"నిలబడలేమక్కా. నేలుండదు. గాలి, ఇంకా గాలి, లోపలికి పోతానే ఉంటాం."

"నేలే లేకపోతే గీత యాడ గీసేది?"

ఆ మాట అన్నది మా అక్క. నేను కాదు. ఇన్నేళ్ళూ పిల్లల ముందు నాదని చెప్పుకున్న ఆలోచన, ఏడో తరగతి చదివిన ఆ పిల్ల, ఊరిబిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని అన్న మాట.

మా పనిలో ఏ బొమ్మకైనా ముందు కసిమితో నల్ల గీత పడాలి. గీత లోపల ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. పటిక నీళ్ళు గుడ్డ మీద ఆరితే ఏమీ కనబడదు. తరువాత మంజిష్ఠ వేరు వేసిన రాగిబానలో ఉడికిస్తే, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. లోపలి నాలుగింటికీ నల్ల గీతలే పెడతాననీ, బయటి నాలుగింటికీ గీత లేకుండా వట్టి పటికతోనే గుండ్రాలు తీస్తాననీ అక్క చెప్పింది.

నాయన నమ్మలేనట్టు చూశాడు. "గీత లేని బొమ్మ యాడన్నా ఉంటుందా?" అన్నాడు. అంతలోనే ఏమనుకున్నాడో, "గీత ఆసరా లేకుండా అంచు నిలపడం నాకే కష్టం. నువ్వు నిలిపితే, కలం కట్టి ఇస్తా. ఆడపిల్లవని సూడను" అన్నాడు. అప్పుడే గూట్లోంచి కొత్త వెదురుపుల్ల తీసి, ఉన్ని చుట్టి, గోడకున్న మేకుకు తగిలించాడు. అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క ఆ గోడ వైపు చూడకుండా తిరగడానికి పడిన తంటాలు నాకు ఇప్పటికీ గుర్తే.

నాయన కలమే అడిగి తీసుకుని గీసింది. గురుణ్ణి గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. కనబడని నీళ్ళతో కనబడని గుండ్రం. కొన ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చి ఆగేది. నేను పక్కన కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ చూశాను. ఆ చెయ్యి ఒక్కసారి కూడా అదరలేదు. చూసినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

పటిక ఆరాక గుడ్డను పారే నీళ్ళలో జాడించాలి. గుడ్డకు పట్టకుండా మిగిలిన పటిక నీళ్ళతో కొట్టుకుపోవాలి. గుడ్డ ఒక్కచోట నిలిచిందా, ఆ పటిక పక్కకు పాకుతుంది. మా ఇళ్ళలో నడక వచ్చిన పిల్లకైనా ఈ సంగతి తెలుసు. ఆ రోజు అమ్మా అక్కా ఏటి నడుమ గుడి తెరను చెరొక అంచు పట్టుకుని ఆడిస్తున్నారు. నా గుడ్డ నా చేతికిచ్చింది అక్క.

"పారే తావులోనే పట్టుకో. చేతులు నొచ్చినా ఆపొద్దు రా, అబ్బోడా."

"సరేలే, నాకు తెలుసు."

కాసేపు పట్టుకున్నాను. పై మడుగులో మా బడి పిల్లలు తువ్వాలతో చేపలు పడుతూ నన్ను పిలిచారు. "అది ఆడోళ్ళ పని కదరా, రారా ఈడికి!" అని ఒకడు అరిచాడు. ఆ మాటకు సిగ్గేసింది. ఒడ్డు పక్కన నీళ్ళు నిలిచిన గుంటలో గుడ్డను ముంచి, కొట్టుకుపోకుండా పైన ఒక రాయి పెట్టి వెళ్ళాను. చేపలు పట్టాం, పోగొట్టుకున్నాం, వంతెన మీద రైలు పోతుంటే చేతులూపాం. తిరిగి వచ్చేసరికి గుడ్డ అట్లాగే ఉంది, తెల్లగా. ఏమీ కాలేదనుకున్నాను. పటిక కనబడదు కదా. ప్రవాహంలో ఒకసారి జాడించి, పిండి, అక్కకిచ్చాను.

రాగిబాన కింద కట్టెలు ఎగదోసింది అమ్మ. ఎర్రటి నీళ్ళలోంచి నాయన కట్టెతో గుడ్డను పైకెత్తాడు. ముందు లోపలి గ్రహాలు వచ్చాయి, నల్ల గీతలతో నిక్కచ్చిగా. వెనక గురుడు వచ్చాడు. గుండ్రం చుట్టూ ఎరుపు పాకి, అంచు ఎక్కడుందో తెలియకుండా ఉంది. శని వలయం శనిలోనే కలిసిపోయింది. చివరి రెండూ మరకల్లా ఉన్నాయి.

చిన్నాయన, పిన్నమ్మ, అవ్వ, పనికి వచ్చే ఇద్దరు ముగ్గురు, అందరూ అక్కడే ఉన్నారు. నాయన నా వైపు తిరిగాడు.

"ఏరా, పారే నీళ్ళలోనే ఆడించినావు కదా?"

"అవును నాయనా."

నా జీవితంలో అంత తొందరగా ఇంకే జవాబూ చెప్పలేదు.

"నేను జాగర్తగానే గీసినా నాయనా" అంది అక్క.

"గీసింటే ఇట్లెందుకు వస్తుంది? చెయ్యి నిలవలా. వణికింది. నీ తప్పు కాదులే, ఆడపిల్ల చెయ్యి." కోపంగా కూడా అనలేదు. మేకు మీది కొత్త కలం తీసి, దారం విప్పి, ఉన్ని ఊడదీసి, పుల్లను గూట్లోకి నెట్టాడు. "నీళ్ళ పని సూసుకో. అది నీకు బాగా వచ్చు."

అక్క తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది. రెండు దెబ్బలు పడేవి. అంతకన్నా ఏమీ అయ్యేది కాదు.

వేరే గుడ్డకు వేళ లేక, దాన్నే పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో తెల్లబరచి, సూర్యుడికి పసుపు అద్ది నాకిచ్చారు. సారుతో కలిసి బస్సులో పోయాను. తిరుపతి దాటి, పూతలపట్టు దగ్గర దిగి టీ తాగి, చిత్తూరు చేరాం. దారంతా ఆ గుడ్డ విప్పాలంటేనే భయం.

ప్రదర్శనలో ఒక పెద్దాయన మా బల్ల దగ్గర ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "లోపలివాటికి గీతలు, బయటివాటికి అంచే లేదు. రాయికీ వాయువుకూ తేడా ఇంత బాగా ఎవరూ చూపలేదు. ఎవరి ఆలోచన బాబూ?"

మా సారు నా భుజం తట్టాడు. నేను నోరు తెరిచాను.

"నాదే సార్. కావాలనే అట్లా చేసినాము."

నాకు బహుమతిగా స్టీలు కంచం ఇచ్చారు. ఇంటికి వచ్చి బాగా మాట్లాడినందుకు ఇచ్చారని చెప్పాను. అక్క నన్ను పక్కకు పిలిచి, "అంచులు సూసి ఎవురూ తిట్టలేదా?" అని అడిగింది. లేదన్నాను. "పోనీలే. నీకు చెడ్డపేరు రాకపోతే సాలు" అంది. అంచులను చూసే ఇచ్చారని చెప్పలేదు. చెబితే ఆలోచన ఎవరిదని చెప్పానో కూడా చెప్పాలి. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ కంచంలోనే తిన్నాను. అందులో సంగటి పెట్టింది అక్కే.

అక్క మళ్ళీ బొగ్గు పట్టలేదు. వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు వేయమని పిన్నమ్మ కూతుర్ని పిలిచేది. "నా చెయ్యి నిలవదు" అనేది, తన ఎత్తూ వయసూ చెప్పినంత మామూలుగా.

తరువాత అక్కకు పూతలపట్టులో పెళ్ళయింది. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయి కాయలు కోసే పని చేసేది. నేను చూడటానికి పోయినప్పుడల్లా నాకొక కాయ కోసి పెట్టేది. కత్తి తిరుగుతుంటే తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా దిగేది. ఆ చేతిని చూస్తూ కాయ తిని వచ్చేసేవాణ్ణి. నాయన పోయాడు. అవ్వ అంతకు ముందే పోయింది. ఏట్లో ఇప్పుడు గుడ్డ జాడించేంత నీళ్ళు పారేది కొద్ది రోజులే. మా ఇంట్లో కుండలూ లేవు, ఆ వాసనా లేదు. మిగిలింది ఆ ఒక్క గుడ్డ. దాని కథ ఊరూరా తప్పుగా చెబుతూ వచ్చింది నేను.

ఏర్పేడు నుంచి వచ్చిన ఆదివారం గుడ్డను సంచిలో పెట్టుకుని పూతలపట్టు వెళ్ళాను. అక్క అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. లోపల కొడుకు భోంచేస్తున్నాడు, కోడలు వడ్డిస్తోంది.

"ఏందప్పా, చెప్పకుండా వచ్చినావు? పిల్లోళ్ళు బాగుండారా?"

గుడ్డ విప్పి అరుగు మీద పరిచాను. అక్క చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. తాకలేదు.

"ఇది ఇంకా పెట్టుకోని ఉండావా? పారేయకపోయినావా. అంతా చెడగొట్టి ఇచ్చింటి నీకు."

చెప్పాను. మడుగు, చేపలు, గుంట, రాయి, నాయన అడిగిన ప్రశ్న, నా జవాబు. చిత్తూరులో పెద్దాయన అడిగింది, నేను చెప్పింది. ఆ అంచులను చూసే కంచం ఇచ్చారని కూడా చెప్పాను. అక్క చింతపండు పక్కకు జరిపింది. ఏడవలేదు. కుడిచేతిని ఎత్తి, వేళ్ళు చాచి, వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"అయితే ఇది వణకలేదా?"

"లేదక్కా."

"నేను ఇన్నేండ్లూ..." అని ఆగిపోయింది. లోపలికి కేకేసింది. "రేయ్, ఇట్లా రా. అమ్మాయ్, నువ్వూ రా. చెయ్యి కడుక్కోని రాండి."

వాళ్ళిద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కొడుక్కి ఏమీ అర్థం కాలేదు.

"ఏమైందిమా?"

అక్క నా వైపు తిరిగింది. "నాయన ఆ మాట అందరి ముందర అన్నాడు. నువ్వు నాకొక్కదానికి చెప్తే యాడ సరిపోతుంది? వీళ్ళ ముందర చెప్పు."

నేను అరుగు దిగి నిలబడ్డాను. గురుడి మీద వేలు పెట్టాను.

"ఇది గీసింది మీ అమ్మ. గీత లేకుండా గీయాలనే ఆలోచన కూడా మీ అమ్మదే. నాదని చెప్పుకోని బతికినాను. ఆమె చెయ్యి వణకలేదు. నేను గుడ్డను నిలిచిన నీళ్ళలో పెట్టి ఆటకు పోయినాను, అడిగితే అబద్ధం చెప్పినాను. ఆమె చేతికి రావాల్సిన కలం నావల్ల రాలేదు. తప్పు చేసినానక్కా. నన్ను మన్నించు."